ఇంపీరియల్ – మెహికాలీ లోయ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కాలిఫోర్నియా ఆగ్నేయకోణమునను, మెక్సికోలో బాహా కాలిఫోర్నియా ఉత్తరభాగమునను వ్యాపించి, కొలరాడో నది యుగయుగములుగా తెచ్చి పరచిన ఒండ్రుచే ఏర్పడిన యీ లోయ, ఏటికి సగటున సుమారు మూడంగుళములకు మించి వాన పడని మరుభూమి యయ్యును, నేడు శీతకాలపు కాయగూరలకు పేరొందిన మాగాణి. దీని యుత్తరభాగము చాలవరకు సముద్రమట్టమునకు దిగువనున్నది. నీరు రప్పించినదియు, లోయను ముంచినదియు ఆ వాలే.

వలసలకు పూర్వము కుకపా జాతివారు నదీముఖమున వరద తీసిన తడినేలలో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి విత్తుకొనుచుండిరి. 1901లో కాలిఫోర్నియా డెవలప్‌మెంట్ కంపెనీవారు, అడ్డముగానున్న యిసుకతిన్నెలను తప్పించుకొనుటకై, మెక్సికో భూమిలోని అలమో అను పాత నదీపాయనే కాలువగా మలచి నీరు పారించిరి. మూడేండ్లలో కాలువ మొగ ఒండ్రుతో పూడిపోగా, 1904లో సరిహద్దునకు దిగువ, తూమైనను కట్టకయే నదిగట్టుకు గండికొట్టిరి. ఇది క్షమింపరాని సాహసము. మరుసటియేటి వరదలకు గండి వెడల్పై నదియంతయు పల్లమునకు మళ్లెను; ప్రవాహము నేలను కోయుచు ఎగువకు ప్రాకగా గట్లు పెళ్లలుపెళ్లలుగా విరిగిపడి, 1903లో వెలసిన మెహికాలీ పట్టణపు ఇండ్లు పెక్కు నీటిపాలయ్యెను. తుదకు సదరన్ పసిఫిక్ రైల్వేవారు బండ్లకొలది రాళ్లు కుమ్మరించి 1907 ఫిబ్రవరిలో గండి పూడ్చిరి. పల్లమున నిలిచిపోయిన నీరే సాల్టన్ సరస్సు.

మెహికాలీ వైపు భూమిలో అత్యధికభాగము లాస్ ఏంజెలెస్ ధనికుల కంపెనీ అధీనమున నుండెను. దానిని కౌలుకు తీసికొని ప్రత్తి పండించినవారిలో చీనావారు పెక్కురు. 1937 జనవరిలో భూమిలేని రైతులు ఆ పొలముల నాక్రమింపగా, అధ్యక్షుడు లాజరో కార్డెనాస్ వాటిని పంచియిచ్చెను. ఉత్తరమున పంజాబీ రైతులు, ఆసియావాసుల భూహక్కులకు చట్టము అడ్డువచ్చినను, పలువురు మెక్సికన్ స్త్రీలను వివాహమాడి స్థిరపడిరి. ఈ లోయలో సేద్యము చేసిన దలీప్ సింగ్ సౌంద్ 1956లో అమెరికా కాంగ్రెసునకు ఎన్నికయ్యెను.

హూవర్ ఆనకట్ట కట్టిన పిమ్మట, మెక్సికో భూమిని తాకకుండ సుమారు 130 కి.మీ. పొడవున త్రవ్విన ఆల్-అమెరికన్ కాలువలో 1940లో నీరు పారెను. 1944 నాటి సంధి మెక్సికోకు ఏటా 15 లక్షల ఎకరపు అడుగులు, అనగా మన లెక్కలో సుమారు 65 టి.ఎం.సి. నిర్ణయించినదే గాని, నీటి గుణమును గూర్చి స్పష్టముగా చెప్పలేదు. 1961లో ఆరిజోనా పొలముల ఉప్పుమురుగు నదిలో కలియగా మెహికాలీ పైరులు దెబ్బతిని నేల చౌడుబారెను. ఒడంబడిక 1973లో గాని కుదరలేదు. ఆల్-అమెరికన్ కాలువనుండి ఇంకిన ఊటయే దశాబ్దములుగా దక్షిణపు బావులకు ఆధారమై యుండగా, 2009 నాటికి అందులో సుమారు 37 కి.మీ. మేర కాంక్రీటు తాపడమైనది. ఆదాయైన నీరు ప్రధానముగా సాన్ డియేగో ప్రాంతమునకు పోవుచున్నది. సంధి లెక్కకెక్కని ఆ యూటను నమ్ముకొన్న రైతులకు జరిగినది అన్యాయమే.