సెల్ఫ్ కొట్టొద్దు

2024 సెప్టెంబరు 1, ఆదివారం. విజయవాడ సింగ్‌నగర్. వాన కాస్త తెరిపిచ్చింది గానీ వీధిలో నీళ్లు తగ్గడం లేదు, పెరుగుతున్నాయి. బుడమేరుకి గండ్లు పడ్డాయని ఎవరో అరుచుకుంటూ పోతున్నారు. మీ వాకిట్లో కారు, నాలుగు సిలిండర్ల పెట్రోలు బండి. ఇంకా వాయిదాలు కట్టడం కూడా అయిపోలేదు. ఫ్లైఓవర్ ఎక్కిస్తే చాలు, బండీ మీరూ గట్టెక్కినట్టే. వెనక సీట్లో అమ్మ, ఆవిడ ఒళ్లో మందుల సంచి. మీరు స్టీరింగ్ ముందు.

మొదటి మలుపు దాకా బాగానే పోతుంది. నీళ్లు చక్రాల సగానికి ఉన్నాయి. డోరు సందులోంచి చల్లగా పాదాలకు తగులుతున్నాయి. ఎక్కడ ఆగిపోతుందోనని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతారు. ఎవరైనా తొక్కుతారు. కానీ వేగం పెరిగేకొద్దీ బండి ముందు అల లేస్తోంది. ఇంజిన్ గాలి పీల్చే గొట్టం మూతి గ్రిల్ వెనకాలే, ఇంచుమించు హెడ్‌లైట్ల ఎత్తులో ఉంది. మెల్లగా పోతే నీళ్లు దాని కిందే ఉండిపోయేవి. ఇప్పుడు బానెట్ మీదికి వస్తున్నాయి.

ఎదురుగా లారీ. దాని అల ఇటు. మీ అల అటు. రెండూ మీ బండి ముందే కలుస్తాయి.

ఇంజిన్ దగ్గుతుంది. మళ్లీ దగ్గుతుంది. ఆగుతుంది.

వైపర్లు ఆడుతున్నాయి. నీళ్లు సీటు అంచుకి వస్తున్నాయి. మీ చెయ్యి తాళం మీద ఉంది.

"అన్నయ్యా, ఇంకొక్కసారి సెల్ఫ్ కొట్టు! అందుకుంటుంది!" పక్క పిట్టగోడ మీద నిలబడ్డ కుర్రాడు అరుస్తాడు. "కొట్టరా నాయనా," అంటుంది అమ్మ.

కొట్టకండి.

ఎందుకంటే మీది 1200 సీసీ బండి. ఒక్కో సిలిండర్‌కి 300 సీసీ. పిస్టన్ పైకి వచ్చి, లోపలి గాలిని పదో వంతుకి నొక్కుతుంది. అప్పుడు పైన మిగిలే చోటు ముప్పై మిల్లీలీటర్ల పైచిలుకు, అంతే. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. అర టీకప్పు నీళ్లు లోపలుంటే పిస్టన్ పైకి రాలేదు. అయినా సెల్ఫ్ మోటారు తోస్తూనే ఉంటుంది. వంగేది పిస్టన్ కింది కనెక్టింగ్ రాడ్డు. డీజిల్ బండికైతే ఆ చోటు ఇంకా తక్కువ.

"పోనీ గేర్లో వేసి తోద్దామా?" కుర్రాడు నీళ్లలోకి దూకేశాడు. అదీ వద్దు. గేర్లో ఉంటే చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి. సెల్ఫ్ కొట్టినా ఒకటే, తోసినా ఒకటే. న్యూట్రల్ చెయ్యండి. తాళం బయటికి లాగకండి, స్టీరింగ్ లాక్ పడిపోతుంది. ముందు అమ్మని దించండి. తర్వాతే బండి. కుర్రాడితో పాటు ఇంకో నలుగురు చెయ్యేస్తారు. తొయ్యండి. ఆగొద్దు. ఇంకొంచెం. ముందు చక్రాలు ఫ్లైఓవర్ వాలు ఎక్కుతాయి.

మధ్యాహ్నానికి ఆటోనగర్ నుంచి మెకానిక్ వస్తాడు, భుజాన సంచితో. కింద పడవలు మనుషుల్ని దింపుతుంటే పైన అతను బానెట్ ఎత్తి, మీ మొహంలోకి చూసి అడిగే మొదటి మాట: "సెల్ఫ్ కొట్టారా సార్?"

లేదంటారు. అతను నమ్మినట్టు లేడు. అందరూ అదే చెబుతారు కాబోలు. కొట్టి ఉంటే చప్పుడే చెప్పేదంటాడు. బ్యాటరీ నీరసపడితే టకటకటకా కొట్టుకుంటుంది. ఇంజిన్ నీళ్లు తాగితే ఒక్కటే టక్, ఆపైన ఏమీ ఉండదు.

"ఏదీ విప్పకముందే ఫొటోలు తియ్యండి, ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చెయ్యండి," అంటాడు. మంచి సలహా. నీళ్లు మింగి పట్టేసిన ఇంజిన్‌కి మామూలు పాలసీలో సాధారణంగా డబ్బు రాదు. ఇంజిన్ ప్రొటెక్షన్ అని విడిగా కట్టి ఉండాలి. కట్టారా? గుర్తు లేదు. ఫోన్లో చార్జింగ్ అడుగంటుతోంది. అయినా చేస్తారు. వాళ్లు ఫొటోలు పంపమంటారు, విప్పనిమ్మంటారు.

పది నంబర్ పానాతో బ్యాటరీ నెగటివ్ తీస్తాడు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు లాగుతాడు. కాగితం నానిపోయి ఉంది. అడుగున బురదనీళ్లు. లోపలికి వెళ్లాయనడంలో ఇక అనుమానం లేదు. ఆయిల్ స్టిక్ లాగుతాడు. మీరూ వంగి చూడండి. నల్లగా ఉంది, గీతకి మించలేదు. "పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే నీళ్లు ఆయిల్లో కలిసి చిలికినట్టు," అంటాడు. ఇప్పుడు మీ మాట నమ్మాడు.

కింద క్రాంక్ పుల్లీకి పానా తగిలించి చేత్తో తిప్పుతాడు. కొంచెం తిరుగుతుంది. ఠక్కున ఆగుతుంది. బలం పెట్టడు. నాలుగు ప్లగ్గులూ విప్పుతాడు. మూడోది తడిసి కారుతోంది. పెట్రోలు పంపు ఫ్యూజు పీకి, బ్యాటరీ తగిలించి, మీ వైపు తిరుగుతాడు.

"ఇప్పుడు కొట్టండి సార్, సెల్ఫ్."

తాళం తిప్పుతారు. మూడో రంధ్రంలోంచి నీళ్లు చివ్వున బానెట్‌కి కొడతాయి. దారి దొరికింది కాబట్టి ఈసారి పిస్టన్‌కి అడ్డేమీ లేదు. ఇంజిన్ గిర్రున తిరుగుతోంది. మీకు ఒక్కసారిగా ప్రాణం లేచొస్తుంది. ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేద్దామంటారు.

అతను వినడు. కంప్రెషన్ గేజ్ తీస్తాడు. మొదటిది 170. రెండోది 172. నాలుగోది 168. మూడోది కావాలనే ఆఖరికి ఉంచాడు.

130.

పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని, ఒక్కో పిస్టన్నీ పైకంటా తెచ్చి, ఒక్కో రంధ్రంలో దించి గోటితో గుర్తు పెడతాడు. మూడో పిస్టన్ రెండు మిల్లీమీటర్లు కిందనే ఆగిపోతోంది. రాడ్డు వంగింది. సెల్ఫ్ కొట్టకపోయినా వంగింది, నీళ్లు మింగే క్షణంలో మీరు యాక్సిలరేటర్ మీద ఉన్నారు మరి.

"స్టార్ట్ అవుతుందా?" అడుగుతారు.

"అవుతుంది సార్. ఇంటికీ వెళ్తుంది. నెల తిరగొచ్చు, ఆర్నెల్లు తిరగొచ్చు. ఏదో ఒకరోజు హైవే మీద రాడ్డు విరిగి బ్లాకు చీల్చుకుని బయటికొస్తుంది." చేతులు తుడుచుకుంటూ సిలిండర్లలోకి తలా కాస్త ఆయిల్ పోస్తాడు, తుప్పు పట్టకుండా. "ఇంజిన్ దింపాలి. టోయింగ్ బండికి చెప్పమంటారా?"

చెప్పమంటారు. తాళం తీసి అతని చేతిలో పెట్టి, అమ్మకి మంచినీళ్లు దొరుకుతాయేమోనని పడవల వైపు దిగుతారు.