చెరువు బురదలో కరిగిన పదార్థముల ప్రయాణము

వేసవిలో చెరువు ఎండగానే అడుగు మట్టిని బండ్లకెత్తి పొలములకు తోలుట కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల రైతులకు పాత అలవాటు. ఆ మట్టిలో సారము కలదని వారెరుగుదురు. అయితే ఆ సారము మట్టిలోనే నిలిచియుండునా, తిరిగి నీటిలోనికి వచ్చునా? ఇది తేలుటకు శాస్త్రలోకమునకు దాదాపు నూరేండ్లు పట్టినది.

గ్లాసు నీటి అడుగున ఉప్పురాయి వేసి కదపక ఉంచినచో, కొన్ని వారములకు పై నీరును ఉప్పనగును. కరిగిన పదార్థము గాఢత హెచ్చుగానున్న చోటినుండి తక్కువగానున్న చోటికి వ్యాపించును. దీనినే విసరణము అందురు. స్కాట్లండు రసాయనశాస్త్రజ్ఞుడు థామస్ గ్రాహం ద్రవములలో విసరణమును కొలిచి 1850లో ప్రకటించెను. 1855లో జర్మను శరీరధర్మశాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ ఫిక్ దానికి సూత్రము కట్టెను. రెండు చోట్ల నడుమ గాఢతలో భేదము ఎంత హెచ్చైన, పదార్థము అంత హెచ్చుగా ప్రవహించునని దాని సారాంశము.

చెరువు బురదలో రేణువుల సందులయందు నీరుండును. అందు కరిగిన పదార్థము రేణువులను చుట్టుకొనుచు వంకరదారిని పోవలెను. కావున విసరణము మందగించును. ఉప్పు వంటి పదార్థము బురదలో 1 సెంటీమీటరు సాగుటకు సుమారు ఒక దినము చాలును. 10 సెంటీమీటర్లకు 100 దినములు, 1 మీటరుకు దాదాపు 27 ఏండ్లు కావలెను! దూరము పది రెట్లయిన, కాలము నూరు రెట్లగును. కనుక నీటిని త్వరగా చేరునది పై పొరలోని సారమే.

ఆ పై పొర గుట్టును 1941–42లో ప్రకటించిన వ్యాసములలో మార్టిమర్ విప్పెను. ఆయన పరిశోధించినది ఇంగ్లండులోని ఎస్త్‌వెయిట్ సరస్సు. నీటిలో ఆక్సిజను ఉన్నంతకాలము బురద పైపొరలోని ఇనుము ఫాస్ఫేటును పట్టియుంచును. ఆక్సిజను తరిగినచో ఇనుము కరగును; ఫాస్ఫేటు విడివడి పైనున్న నీటిలోనికి వ్యాపించును. దానితో నాచు బలిసి నీరు పచ్చబారును. అందుచేతనే బయటి మురుగును ఆపిన వెంటనే చెరువు బాగుపడదు; పాత బురద కొన్నేండ్లు ఫాస్ఫేటును వదలుచునే యుండును.

2015లో తెలంగాణ ప్రభుత్వము ప్రారంభించిన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి, ఆ మట్టిని పొలములకు తరలించిరి. నీటిని చెరుపగల ఫాస్ఫేటు చేనికి ఎరువైనది. కాని కరీంనగరమునకు త్రాగునీరిచ్చు దిగువ మానేరు జలాశయము వంటి పెద్ద జలాశయముల అడుగును చెరువువలె ఎండగట్టి ఎత్తిపోయుట సాధ్యము కాదు. అట్టిచోట మురుగును చేరనీయకుండుటయే మార్గము. ఒకనాడు అడుగున చేరినది మరియొకనాడు పైకి వచ్చును.