కుక్కల పార్వో వ్యాధి

కుక్కల పార్వో వ్యాధి ముఖ్యంగా 6 వారాల నుంచి 6 నెలల వయసు కుక్కపిల్లలకు సోకి పేగులను దెబ్బతీసే తీవ్రమైన అంటువ్యాధి. దీనికి కారణమైన సీపీవీ-2 వైరస్ 1978లో వెలుగులోకి వచ్చి, రెండేళ్లలో ప్రపంచమంతా పాకింది. పిల్లుల్లో పాన్‌ల్యూకోపీనియా కలిగించే వైరస్‌కు ఇది దగ్గరి జాతి. మనుషులకు సోకదు.

వ్యాధి సోకిన కుక్క మలం ద్వారా వ్యాపించే ఈ వైరస్ నేలలో నెలల తరబడి నిలిచి ఉంటుంది. పేగు గోడల్లో వేగంగా విభజన చెందే కణాలనూ, ఎముక మజ్జనూ నాశనం చేస్తుంది. అందువల్ల తెల్లరక్తకణాలు తగ్గి, పేగుల్లోని బ్యాక్టీరియా రక్తంలోకి చేరుతుంది.

సాధారణంగా వైరస్ సోకిన 3–7 రోజుల్లో లక్షణాలు మొదలవుతాయి. మొదట మందకొడితనం, తిండి మానడం. వీటిని ఎండ ప్రభావంగానో తిండి మార్పుగానో పొరబడటం సాధారణం. తరువాత ఆగని వాంతులు, దుర్వాసనతో కూడిన నెత్తుటి విరేచనాలు. చర్మాన్ని వేళ్లతో పట్టి లాగి వదిలితే వెంటనే సర్దుకోకపోవడం, చిగుళ్లు ఎండిపోవడం నిర్జలీకరణ సూచనలు. చురుగ్గా ఉన్న పెద్ద కుక్క ఒక్కసారి వాంతి చేసుకుంటే ఒక రోజు గమనించవచ్చు. టీకా పడని పిల్లకు వాంతులు, విరేచనాలు కలిసి వస్తే అదే రోజు పశువైద్యం అవసరం. లక్షణాలు కనిపించిన 48–72 గంటల్లోనే మరణం సంభవించవచ్చు.

చికిత్సలో సెలైన్, వాంతి నిరోధకాలు, యాంటీబయాటిక్స్ ప్రధానం. టీకాను 6–8 వారాల వయసులో మొదలుపెట్టి, 2–4 వారాల వ్యవధితో కనీసం 16 వారాలు నిండేవరకు ఇస్తారు. ఎందుకంటే తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు తొలి మోతాదులను నిర్వీర్యం చేయగలవు.