అర్పా ఇసుకలో తీరపక్షి గూడు

బిలాస్‌పూర్ రైల్వే పట్టణం. 2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. కొలువుల నిమిత్తం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. సముద్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా, కాకినాడ, పులికాట్ తీరాల్లో తిరిగే చిన్న తీరపక్షులలో కొన్ని అర్పా నది ఇసుకలోనూ, బిలాస్‌పూర్ సమీపంలోని చెరువుల అంచుల్లోనూ జీవిస్తాయి.

వీటిలో లిటిల్ రింగ్డ్ ప్లోవర్ ముఖ్యమైనది. పొడవు 14 నుంచి 17 సెంటీమీటర్లు. మెడచుట్టూ నల్లని పట్టీ, కంటిచుట్టూ పసుపు వలయం దీని గుర్తులు. నాలుగడుగులు పరుగెత్తి ఆగుతుంది; చూపుతోనే పురుగును పసిగట్టి పొడుస్తుంది. ఒక్కొక్కప్పుడు కాలితో తడినేలను తట్టి, కదిలిన పురుగులను పట్టుకుంటుంది. ఉల్లంకుల పద్ధతి వేరు. అవి ముక్కును బురదలోకి దింపి, మొన స్పర్శతోనే ఆహారాన్ని గుర్తిస్తాయి. అందువల్లనే ఒకే ఒడ్డున పలు జాతులు పెద్దగా పోటీ లేకుండా మేయగలుగుతాయి.

శీతకాలంలో ఉత్తర ధ్రువ ప్రాంతం నుంచి లిటిల్ స్టింట్ వంటి వలస పక్షులు భారతదేశానికి వస్తాయి. పిచ్చుక కన్నా పెద్దది కాని ఈ పక్షి వేల కిలోమీటర్లు ఎగురుతుంది. దారిలో మేత, విశ్రాంతి దొరికే చిత్తడి నేలలే దానికి మజిలీలు. బిలాస్‌పూర్ జిల్లాలోని కోప్రా జలాశయం 2025 డిసెంబరులో ఛత్తీస్‌గఢ్‌లో తొలి రామ్‌సర్ స్థలంగా గుర్తింపు పొందింది.

ప్లోవర్లలో ఒక ఉపజాతి మాత్రం వలస పోదు. వేసవిలో ఇక్కడే గుడ్లు పెడుతుంది. గూడు అంటే ఇసుకలోనో గులకరాళ్ల నడుమనో చేసిన చిన్న గుంట మాత్రమే. సాధారణంగా నాలుగు గుడ్లు, ఇసుక రంగులో మచ్చలతో ఉంటాయి. తల్లిదండ్రులు వంతులవారీగా పొదుగుతాయి. సుమారు 25 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. శత్రువు సమీపిస్తే పెద్దపక్షి రెక్క విరిగినట్లు నటిస్తూ దానిని దూరంగా మళ్లిస్తుంది.

అయితే ఈ నటన కుక్కనో నక్కనో మోసగించగలదు గాని, లారీ చక్రాన్ని ఆపలేదు. గుడ్లను శత్రువు కంటికి కనపడనీయని రంగే, మనిషి కంటికీ వాటిని కనపడకుండా చేస్తుంది. నదుల్లో ఇసుక తవ్వకాలపై వర్షాకాలంలో నిషేధం అమలులో ఉంటుంది. కాని ఈ పక్షులు గుడ్లు పెట్టేది అంతకు ముందే, నీరు తగ్గి ఇసుక బయటపడిన మార్చి నుంచి మే వరకు. లారీలు నదిలోకి దిగేదీ అప్పుడే. గూళ్లున్న ఇసుక దిబ్బలను ఆ మూడు నెలలు తాకకుండా విడిచిపెడితే, వానలు వచ్చేనాటికి పిల్లలు ఎగరగలుగుతాయి.