తాళం చెవి లేని జీపు: యుద్ధంలో సైనికులు బండిని ఎలా కాపాడుకున్నారు, మనం ఎలా కాపాడుకోవాలి?

ముందు ఒక ప్రశ్న. రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన విల్లీస్ జీపుకి తాళం చెవి ఉండేదా?

మొదట్లో తయారైన బండ్లకి ఉండేది. కొన్నాళ్లకే దాన్ని తీసేసి, డ్యాష్‌బోర్డు మీద చేత్తో తిప్పే మామూలు లివర్ స్విచ్ పెట్టారు. స్విచ్ తిప్పాలి, నేల మీదున్న స్టార్టర్‌ని కాలితో నొక్కాలి, అంతే. బండి కదిలిపోతుంది. తలుపులు కూడా ఉండవు. ఎవరైనా ఎక్కి కూర్చోవచ్చు.

ఇది అజాగ్రత్త అనుకోకండి. యుద్ధంలో డ్రైవర్‌కి ఏదైనా అయితే పక్కనున్నవాడు వెంటనే బండి తీయాలి. అప్పుడు తాళం ఎవరి జేబులో ఉందని వెతుక్కుంటూ కూర్చోలేరు కదా. విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిపి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. అవన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకదాని పార్టు ఇంకోదానికి సరిపోతుంది.

మరి దొంగతనాలు జరగలేదా అంటే, బాగా జరిగాయి. దొంగలు ఎక్కువగా శత్రువులు కూడా కాదు, పక్క యూనిట్ వాళ్లే! తమ జీపు పాడైతే పక్క క్యాంపు జీపు ఎత్తుకొచ్చి నంబరు మార్చేసేవాళ్లు. దానికి సైనికులు రెండు ఉపాయాలు కనిపెట్టారు. ఒకటి, స్టీరింగ్ చక్రానికి గొలుసు చుట్టి పెద్ద తాళం కప్ప వేయడం. రెండోది నాకు చాలా నచ్చింది, రోటర్ తీసి జేబులో వేసుకోవడం.

రోటర్ అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్తా. పెట్రోల్ ఇంజిన్‌లో డిస్ట్రిబ్యూటర్ అనే డబ్బా ఉంటుంది. ఏ సిలిండర్‌కి ఎప్పుడు కరెంటు పంపాలో అదే చూసుకుంటుంది. దాని లోపల తిరిగే చిన్న ముక్క రోటర్. అరచేతిలో పట్టేస్తుంది. అది లేకపోతే స్పార్క్ ప్లగ్గులకి కరెంటు వెళ్లదు. సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ మాత్రం అంటుకోదు. మన భాషలో చెప్పాలంటే ఇది 1940ల నాటి ఓటీపీ. బండి మీ ముందే ఉంది, కానీ నా జేబులో ఉన్న ముక్క లేకుండా లాగిన్ అవ్వలేరు.

బ్రిటన్‌లో అయితే ఇది ఏకంగా చట్టమే అయింది. 1940లో జర్మన్లు పారాచూట్లతో దిగి రోడ్డు పక్కనున్న కార్లు వాడుకుంటారేమో అన్న భయంతో, వదిలి వెళ్లే ప్రతి బండినీ కదలకుండా చేసి వెళ్లాలని ప్రభుత్వం ఆర్డరు వేసింది. మామూలు జనం కూడా రోటర్ తీసి జేబులో వేసుకుని షాపింగ్‌కి వెళ్లిన రోజులవి.

కాకపోతే దీనికీ విరుగుడు వచ్చింది. జీపులన్నీ ఒకేలా ఉంటాయని చెప్పాను కదా? జేబులో స్పేర్ రోటర్ పెట్టుకుని తిరిగేవాడికి ఏ జీపైనా తన జీపే. అందరూ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకుంటే ఏమవుతుందో అదే అయింది.

ఇక మన దగ్గరికి వద్దాం. 1945లో లూధియానాలో ఉక్కు వ్యాపారంగా మొదలైన మహీంద్రా అండ్ మొహమ్మద్ కంపెనీ, దేశ విభజన తర్వాత 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. విల్లీస్ జీపు విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడంతో వాళ్ల బండ్ల కథ మొదలైంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆ డిజైనే కొద్దికొద్దిగా మారుతూ వచ్చింది. తహసీల్దారు జీపు, పోలీసు జీపు, ఎన్నికల్లో మైకు కట్టిన జీపు, ఏజెన్సీ ఊళ్లలో ఘాట్ రోడ్డు ఎక్కే జీపు, అన్నీ ఆ కుటుంబమే. తాళం చెవి వచ్చింది, నిజమే. కానీ ఆ తాళం వెనక ఉన్నవి రెండు మూడు వైర్లే.

బయటి దేశాల్లో ఈలోగా కథ ముందుకెళ్లింది. తాళం తీస్తే స్టీరింగ్ గానీ బండి కదలిక గానీ లాక్ అవ్వాలన్న రూల్ అమెరికాలో 1970 జనవరి నుంచి కొత్త కార్లకి వచ్చింది. 1986లో షెవ్రొలే కార్వెట్ తాళంలో చిన్న రెసిస్టర్ పెట్టారు. మొత్తం 15 విలువలు. సరైన ఓమ్స్ రాకపోతే బండి స్టార్ట్ అవ్వదు. బీటెక్ ఫస్టియర్ ల్యాబ్‌లో కలర్ కోడ్ బట్టీ పట్టినవాళ్లకి ఇప్పుడు నవ్వు వస్తుంది. 1990ల్లో చిప్ ఉన్న తాళాలు వచ్చాయి. 1998 నాటికి యూరప్‌లో కొత్త కార్లకి ఇమ్మొబిలైజర్ తప్పనిసరి చేశారు. పాత జీపులకి ఇవేవీ అందలేదు. అవి అక్కడే, 1940ల్లోనే ఆగిపోయాయి.

ఒక రకంగా అది మంచిదే. ఇవాళ్టి కీలెస్ కార్ల సిగ్నల్‌ని పరికరంతో లాగి, తాళం ఇంట్లో ఉండగానే బండి తీసుకుపోతున్నారు. పాత జీపులో హ్యాక్ చేయడానికి అసలు ఏమీ లేదు.

మరి తక్కువ ఖర్చులో ఏం చేయొచ్చు? ముందు మీ బండి పెట్రోలా, డీజిలా చూసుకోండి. ఇంటర్నెట్‌లో సలహాలిచ్చే చాలామంది ఈ మాట చెప్పరు. పెట్రోల్ అయితే సైనికుల ఉపాయం ఇప్పటికీ పనిచేస్తుంది, రోటర్ తీసేయండి. డీజిల్‌లో డిస్ట్రిబ్యూటరే ఉండదు, స్పార్కే ఉండదు. బ్యాటరీకి కట్-ఆఫ్ స్విచ్ కొన్ని వందల్లో దొరుకుతుంది, చాలామంది అది పెట్టుకుని ధైర్యంగా ఉంటారు. కానీ కేబుల్ లాగి ఇంజిన్ ఆపే పాత డీజిల్ జీపు ఉందనుకోండి, దాన్ని వాలులో తోసి గేరు వేస్తే బ్యాటరీ లేకపోయినా స్టార్ట్ అవుతుంది. ఒకసారి అంటుకున్నాక దానికి కరెంటుతో పనే లేదు. పంపు మీద సొలెనాయిడ్ ఉన్న బండి అయితే వేరు, దానికి కరెంటు ఆగితే డీజిల్ ఆగుతుంది. కాబట్టి సొలెనాయిడ్ వైరుకి సీక్రెట్ స్విచ్ పెట్టించడం మేలు. ఇంకో మాట, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ కట్-ఆఫ్ తిప్పకండి, ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి.

ఇంధనం పైపులో చిన్న వాల్వు పెట్టించడం ఇంకో పద్ధతి. ఇందులో నాకు నచ్చేది ఏంటంటే, బండి స్టార్ట్ అవుతుంది, కాస్త దూరం వెళ్లి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. దొంగకి అంతకంటే ఇబ్బంది ఏముంటుంది! డీజిల్‌లో మాత్రం మీరే వాల్వు మర్చిపోతే లైనులో గాలి పట్టి, మళ్లీ గాలి తీయించుకోవాలి. డీజిల్, పెట్రోల్‌కి పనికొచ్చే వాల్వే కొనండి. నీళ్ల పైపు వాల్వుతో ప్రయోగాలు చేస్తే మంట అంటుకుంటుంది.

వీటన్నిటి తర్వాత కూడా గొలుసు కావాలి. ఎందుకంటే స్విచ్ కనపడదు, గొలుసు కనపడుతుంది. రాత్రి మూడింటికి బండి దగ్గరికి వచ్చినవాడు ముందు చూసేది దాన్నే. గొలుసుని స్టీరింగ్‌కి మాత్రమే కాకుండా చాసిస్‌కి గట్టిగా వెల్డింగ్ చేసిన కొక్కేనికి కలిపి వేయండి. స్టీరింగ్ చక్రం విప్పేయగలరు, చాసిస్‌ని విప్పలేరు.

జీపీఎస్ ట్రాకర్ రెండు మూడు వేలల్లో వస్తుంది. సిమ్ రీచార్జ్ అయిపోతే అది బొమ్మే, గుర్తుంచుకోండి. పైగా పాత జీపుని చాలాసార్లు నడపడానికి ఎత్తుకుపోరు, విప్పి అమ్మడానికే ఎత్తుకుపోతారు. విల్లీస్ కాలంలో వరమైన ఆ గుణమే, అంటే ఒకదాని పార్టు ఇంకోదానికి సరిపోవడమే, ఇప్పుడు శాపం. అందుకే గేర్‌బాక్స్, యాక్సిల్, అద్దాల మీద బండి నంబరు చెక్కించండి. చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ తీసి, ఫొటోలతో పాటు ఫోన్‌లో, మెయిల్‌లో దాచుకోండి.

ఇక ఇన్సూరెన్స్. ఇది బోరింగ్ అని స్కిప్ చేయొద్దు ప్లీజ్. పాత బండి కదా అని చాలామంది థర్డ్ పార్టీ మాత్రమే కడతారు. థర్డ్ పార్టీలో దొంగతనానికి ఒక్క రూపాయి రాదు. జీపు మీద పిల్లల ఫీజులు కట్టే డ్రైవరన్నకి బండి పోతే ఆ నెల నుంచే ఆదాయం సున్నా. ఓన్ డ్యామేజ్ కవర్ ఉంటే, ఏఆర్ఏఐ ఆమోదించిన యాంటీ థెఫ్ట్ పరికరానికి ఆ ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు తగ్గించే పద్ధతి మన మోటార్ టారిఫ్‌లో ఉండేది. చిన్న మొత్తమే, అయినా అడగండి.

క్లెయిమ్‌కి వెళ్తే కంపెనీ వాళ్లు సాధారణంగా అడిగేది రెండు తాళం చెవులూ. అసలు తాళమే లేకుండా పుట్టిన బండికి ఇప్పుడు రెండు చూపించాలి! మీ రెండోది ఏ డబ్బాలో ఉందో ఇవాళే వెతకండి. వచ్చే ఎపిసోడ్‌లో ల్యాండ్ రోవర్ కథ చెప్పుకుందాం.