పల్నాటి పెరళ్లు – వాననీటి పొదుపు

పల్నాడు అనగానే అందరికీ పౌరుషం గుర్తుకు వస్తుంది. కారంపూడి యుద్ధభూమి గురించీ, బ్రహ్మనాయుడు, నాగమ్మల గురించీ రాసినవారు చాలామంది ఉన్నారు. ఈ సీమలో సామాన్య గృహస్థులు చుక్క చుక్క నీరు పొదుపు చేసి ఇంటికి కావలసిన కూరలు ఎలా పండించుకున్నారన్నది కూడా చరిత్రే. దానిని గురించి ఈ నాలుగు మాటలు.

నీటిని నిలవ చేసుకోవడం ఇక్కడివారికి ఏనాటినుంచో ఉన్న విద్య. కృష్ణ ఒడ్డునే ఉన్న ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో కూడా రాతి మెట్ల కోనేర్లు కట్టుకున్నారు. 1954 – 60 మధ్య నాగార్జునకొండలో జరిగిన తవ్వకాలలో అవి బయటపడ్డాయి. నదికి దూరమైన పల్లెలకు చెరువులు, కుంటలే ఆధారం. శ్రీనాథుని పేరిట వాడుకలో ఉన్న చాటువు నాగులేటి నీళ్లనూ, నాపరాళ్లనూ, జొన్నకూటినీ ఎత్తిపొడిచింది. అయితే ఆ నాపరాళ్లతోనే మనవాళ్లు ఇళ్లలో నీటితొట్లు కట్టుకున్నారు.

సాగర్ కాలువ రాకముందు, నా చిన్నతనంలో, వాన పడితే మిద్దె తూము కింద గోలేలు, బిందెలు వరుసగా పెట్టేవారు. స్నానాల గది నీరు పొట్ల, బీర పాదులకు పోయేది. బియ్యం కడిగిన నీరు గొడ్ల కుడితికి పోయేది. తొలకరికి సొర, గుమ్మడి, చిక్కుడు గింజలు నాటేవారు. పాదు చుట్టూ చొప్ప, చెత్త కప్పితే తడి త్వరగా ఆరేది కాదు.

కాపు ఎక్కువైతే ముందు ఇరుగుపొరుగులకు పంచి, మిగిలినది ఎండకు పెట్టేవారు. గోరుచిక్కుళ్లు, వంకాయలు, దోసకాయలు ఉప్పు కలిపిన మజ్జిగలో ఊరవేసి, గలగలమనేదాకా ఎండబెడితే వరుగులు. బూడిదగుమ్మడి వడియాలు, చల్లమిరపకాయలు, ఉప్పువేసి జాడీకి ఎత్తిన గోంగూర, పండుమిరప కారం – వేసవిలో కూరలు లేని రోజులన్నీ వీటితోనే గడిచేవి. ముదిరిన బీరకాయలను విత్తనానికని చూరుకు వేలాడదీసేవారు.

1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ కింద వరి పండింది, జొన్నకూడు పోయి వరి అన్నం వచ్చింది. ఆ మేలు మరువరానిది. దానితోపాటే తూము కింద గోలేలు మాయమయ్యాయి. పెరళ్లు సిమెంటు గచ్చులయ్యాయి.

కానీ 2002 తరువాతి కరువులోనూ, 2015లోనూ సాగర్ నిండక కాలువ ఎండింది. వెల్దుర్తి, బొల్లాపల్లి మెట్ట గ్రామాలకు ఆ నీరు మొదటినుంచీ అందలేదు. పైగా వినుకొండ, బొల్లాపల్లి వైపు భూగర్భజలంలో ఫ్లోరైడు బాధ. వాననీటికి ఆ దోషం లేదు.

లెక్క చూడండి. 100 చదరపు గజాల డాబాపై ఒక్క సెంటీమీటరు వాన పడితే 800 లీటర్లకు పైగా నీరు వస్తుంది. అందులో సగం పట్టినా నాలుగు పాదులకు చాలా రోజులు సరిపోతుంది. తొలివాన నీరు వదిలేసి, తొట్టిపై దోమలు చేరకుండా గుడ్డ కడితే చాలు.

ఉద్యోగ విరమణ చేసిన మనకు తీరిక ఉన్నది. వరుగు ఎంత ఎండాలో, విత్తనం ఎలా దాచాలో తెలిసిన చేతులు మన ఇళ్లలో ఇంకా ఉన్నాయి. మనుమలను, మనుమరాళ్లను పక్కన కూర్చోబెట్టుకొని ఈ తొలకరికే రెండు పాదులు పెట్టించండి. చేసి చూపకపోతే ఈ విద్య మన తరంతోనే పోతుంది.