కనకాభిషేకమూ, కోలారు గనులూ

ప్రౌఢదేవరాయల కొలువులో శ్రీనాథుడికి జరిగిన కనకాభిషేకం గురించి పదేళ్ళుగా తరగతిలో చెబుతున్నాను. ఆ బంగారం యెవరి చేతులమీదుగా వచ్చిందని ఒక్క విద్యార్థీ అడగలేదు; నాకూ తోచలేదు. మా దుగ్గిరాల యార్డులో పసుపుకు ధర వస్తే బంగారం పండిందంటాం. బంగారంతో మా పరిచయం అంతవరకే. కోలారు గనులు చూసివచ్చాక మాత్రం ఆ పాఠం వెనకటిలా చెప్పలేకపోతున్నాను.

బంగారుపేటలో రైలు మారి మారికుప్పంలో దిగాను. దూరంనుంచి కొండలనుకున్నవి తీరా దగ్గరకు పోతే కొండలు కావు. రాతిని పిండిచేసి, సైనైడుతో బంగారాన్ని లాగేసుకున్నాక మిగిలిన పిప్పి! నూరేళ్ళ పిప్పి అలా దిబ్బలు కట్టింది. గాలి తిరిగితే ఆ దుమ్మంతా కూలీల లైన్లమీదికే వస్తుంది.

1880లో జాన్ టెయిలర్ కంపెనీ ఇక్కడ అడుగుపెట్టింది. 1902లోనే శివసముద్రంనుంచి గనులకు కరెంటు వచ్చింది. బెంగుళూరు వీధులకు అది అందింది 1905లో. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించి దిగింది. మొత్తంమీద సుమారు 800 టన్నుల బంగారం తీశారు. ఇవన్నీ యే పుస్తకంలోనైనా దొరుకుతాయి. దొరల బంగళాలనూ క్లబ్బునూ తలచుకొని దీన్ని 'చిన్న ఇంగ్లండు' అని మురిసేవారికి ఇవి చాలు కూడాను.

మరి లోపలికి దిగినదెవరు? నాటి ఉత్తర ఆర్కాటు జిల్లానుంచి వలసవచ్చిన దళితులు. యెక్కువమంది తమిళులు, 1911 దాకా చిత్తూరు కూడా ఆ జిల్లాలోదే గనుక మన తెలుగువాళ్ళూ వున్నారు. పొడి వేడిలో, రాతి దుమ్ములో పనిచేసి సిలికోసిస్ తెచ్చుకున్నారు. అదాటున బండ పేలితే అక్కడే సమాధి. పైకి వచ్చినవాణ్ణి బంగారపు దొంగగా సోదా చెయ్యడానికి 1897నాటి మైసూరు గనుల చట్టం అండ.

1930లో కూలీలందరి వేలిముద్రలూ తీసుకోవాలన్నారు. పని ఆగిపోయింది. వేల మంది షాఫ్టుల్లోకి దిగడం మానేశారు. చివరికి ఆ ఉత్తరువు వెనక్కి పోయింది. కూలికోసం కాదు, దొంగ అనిపించుకోనందుకు జరిగిన సమ్మె ఇది. మన చరిత్రకారులు దీనికి ఇవ్వవలసిన చోటు ఇవ్వలేదనే నా అభిప్రాయం. 1946 నవంబరు 4న పోలీసు కాల్పుల్లో ఆరుగురు కార్మికులు చనిపోయారు.

1956లో గనులు ప్రభుత్వపరమయ్యాయి. తవ్వకపు ఖర్చు బంగారం విలువను మించిందని 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. ఆ ఖర్చులో ఊపిరితిత్తుల పద్దు వున్నట్టు లేదు.

లైన్లలో ఒక తెలుగు ముసలాయన ఇంట కాఫీ తాగాను. తాత, తండ్రి, తనూ ముగ్గురూ గనిలో చేసినవారే. "ఇంట్లో యెంత బంగారముందని అడగరేం సార్?" అని తనే నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. గాలి లేచింది కాబోలు, ఆయన మనవరాలు తడిపిన గోనెపట్టా తెచ్చి గుమ్మానికి కట్టింది.